శాలువాలు సరే, హియరింగ్‌కి ఎప్పుడు వస్తారు?

ఉత్తర వర్జీనియా తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ట్రస్టీలకు,

నమస్కారం.

ఉగాదికైనా, బతుకమ్మకైనా, దీపావళికైనా మీరు వేసే స్టేజీ మీద కౌంటీ పాలకమండలిలో ఉండే ఒక సూపర్‌వైజరో, స్కూల్ బోర్డు సభ్యులో తప్పకుండా కనిపిస్తారు. మనవాళ్లు శాలువా కప్పుతారు, బొకే ఇస్తారు. వాళ్లు నమస్తే అని నాలుగు ముక్కలు మాట్లాడి, ప్రొక్లమేషన్ కాగితం చదివి చేతికిస్తారు. ఫోటోలు ఆ రాత్రికే ఫేస్‌బుక్‌లో పడతాయి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. పరాయి దేశంలో మన పండగని గుర్తించి ఒక ప్రజాప్రతినిధి వస్తే ఎవరికైనా సంతోషమే. కానీ అదే సూపర్‌వైజర్ మన లౌడన్ కౌంటీ కేంద్రం లీస్‌బర్గ్‌లో బుధవారం సాయంత్రం జనం మాట వినే పబ్లిక్ హియరింగ్‌కి కూర్చున్నప్పుడు ఎదురు కుర్చీల్లో మనవాళ్లు ఎంతమంది ఉంటున్నారు? నేను వెళ్లిన రోజుల్లో అయితే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, ఒక్కోసారి అదీ లేదు. ఈ సంగతి మీతో మాట్లాడదామనే ఈ ఉత్తరం.

మనలో ఎక్కువమంది ఉండేది యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్, స్టోన్ రిడ్జ్, ఆల్డీ ప్రాంతాల్లో. వీటిలో దేనికీ మేయర్ లేడు, కౌన్సిల్ లేదు. లౌడన్ కౌంటీ మొత్తంలో సొంత పాలకవర్గం ఉన్న టౌన్లు ఏడే: లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, హామిల్టన్, హిల్స్‌బరో, లవెట్స్‌విల్, మిడిల్‌బర్గ్, రౌండ్ హిల్. మిగతా అందరికీ పంచాయతీ, మున్సిపాలిటీ, జిల్లా పరిషత్తు అన్నీ కౌంటీయే. బడికి డబ్బు, లైబ్రరీ, ఫైర్ ఇంజిన్, పార్కు, మన ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఏం కట్టొచ్చో తేల్చే జోనింగ్, ఇంటి మీద పన్ను, కారు మీద పన్ను అన్నీ అక్కడే తేలతాయి. వాషింగ్టన్‌లో ఎవరు గెలిచారన్నది మనకు అర్ధరాత్రి దాకా టెన్షన్. మన డిస్ట్రిక్ట్ సూపర్‌వైజర్ పేరు అడిగితే మాత్రం పక్కవాళ్ల వైపు చూస్తాం.

ఇండియా నుంచి వెంట తెచ్చుకున్న ఒక అలవాటు కూడా ఇందుకు కారణమని నా అనుమానం. అక్కడ జిల్లా పరిషత్తుకి ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయి. ప్రణాళిక, విద్య, వ్యవసాయం అని పేర్లు బాగానే ఉంటాయి. ఆ సమావేశాల వార్త జిల్లా ఎడిషన్‌లో ఒక మూల వస్తుంది, దాదాపు ఎప్పుడూ అధికారులు గైర్హాజరయ్యారని సభ్యులు మండిపడిన వార్తే. నిధులు, అధికారాలు రాష్ట్రం దగ్గర, కలెక్టర్ దగ్గర ఉన్నప్పుడు కమిటీ మాట ఎవరు వింటారు? అలా పెరిగిన మనకి కమిటీ అంటే టీ, బిస్కెట్లు, సంతకాలు. ఇక్కడ లెక్క వేరు. కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డులో తొమ్మిది మంది: ఎనిమిది డిస్ట్రిక్టులకి ఒక్కొక్కరు, కౌంటీ అంతా కలిసి ఎన్నుకునే ఛైర్ ఒకరు. కౌంటీ అడ్మినిస్ట్రేటర్ ఈ బోర్డు నియమించిన ఉద్యోగి, కలెక్టర్ లాగా పైనుంచి దిగిన అధికారి కాడు. పన్నులు, ఖర్చులు ఫైనాన్స్ కమిటీలో నలుగుతాయి. రోడ్లు, భూమి వాడకం ఇంకో కమిటీలో. సూపర్‌వైజర్లు నియమించే ప్లానింగ్ కమిషన్ వేరే ఉంది. ఒక విషయం పూర్తి బోర్డు ముందు ఓటుకొచ్చే సరికి సగం సభ్యుల మనసులో నిర్ణయం అయిపోయి ఉంటుంది. అది అయ్యేది కమిటీ గదిలో, ఎవరూ ఫోటోలు తీయని సాయంత్రాల్లో.

ఇప్పుడు అసలు విషయం. లౌడన్‌లో సుమారు 200 డేటా సెంటర్లు, అంటే ఇంటర్నెట్‌ని నడిపే సర్వర్లు పెట్టే పెద్ద భవనాలు, ఉన్నాయి. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ప్రపంచ ఇంటర్నెట్‌లో 70 శాతం మన యాష్‌బర్న్ మీదుగానే పోతుందని ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి గొప్పగా చెప్పేవాళ్లు మనలో చాలామంది. ఆ లెక్క ఎవరు కట్టారో, ఎలా కట్టారో చూపించినవాళ్లని నేనైతే చూడలేదు. అయినా లెక్కతో పనేముంది? వాక్స్‌పూల్ రోడ్డు మీద, లౌడన్ కౌంటీ పార్క్‌వే మీద ఒక్కసారి కారులో వెళ్తే చాలు, రెండు పక్కలా కిటికీల్లేని గోడలు, వాటి వెనక వరసగా డీజిల్ జనరేటర్లు, పక్కనే సబ్‌స్టేషన్లు. 1990లలో ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ డలెస్ ఎయిర్‌పోర్టు పక్కన దిగడం, ఫైబర్ కేబుళ్లు ఇక్కడికి చేరడం, ఖాళీ పొలాలు, చవక కరెంటు కలిసొచ్చి మొదలైన కథ ఇది. 1990లో 86 వేల జనాభా ఉన్న కౌంటీ 2020 జనాభా లెక్కలకి 4.2 లక్షలైంది. అందులో ఐదుగురిలో ఒకరికి పైగా ఆసియా మూలాల వాళ్లే. ఆ పెరుగుదలలో మన వాటా మీకు నేను చెప్పక్కర్లేదు, ఉగాదికి హాలు దొరక్క మీరు పడే పాట్లే చెబుతాయి.

డేటా సెంటర్లని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అవి లేకపోతే మన ఇంటి పన్ను ఎంత ఉండేదో చూడండి. 2025లో లౌడన్ ఇంటి పన్ను 100 డాలర్ల విలువకి 80.5 సెంట్లు. పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్‌లో అదే ఏడాది 112.25 సెంట్లు. 8 లక్షల డాలర్ల ఇల్లుంటే ఇక్కడ 6,440 డాలర్లు కడతాం, అక్కడైతే 8,980. ఏడాదికి 2,540 డాలర్ల తేడా. 2012లో లౌడన్ రేటు 123.5 సెంట్లుండేది. అంత కిందికి రావడానికి పెద్ద కారణం డేటా సెంటర్లలోని సర్వర్ల మీద కౌంటీ వేసే పన్ను, 100 డాలర్ల విలువకి 4.15 డాలర్లు. ఒక డాలర్ సేవలు వాడుకుంటే డేటా సెంటర్లు 26 డాలర్ల పన్ను కడుతున్నాయని కౌంటీ వాళ్లే చెబుతారు. సర్వర్లు బడికి పిల్లల్ని పంపవు కదా! ఇప్పుడు కౌంటీ సాధారణ నిధిలో మూడో వంతుకి పైగా ఈ ఒక్క పరిశ్రమ నుంచే వస్తోంది.

నా భయం అక్కడే మొదలవుతుంది. ఒకే బోరు మీద నాలుగు పంటలకి నీళ్లు పెట్టే రైతు పరిస్థితి మనది. సర్వర్ మీద పన్ను ఇంటి మీద పన్ను లాంటిది కాదు. ఇల్లు ఏటా విలువ పెరుగుతుంది, సర్వర్ ఏటా పడిపోతుంది. మొదటి ఏడాది కొన్న ధరలో 50 శాతం మీద పన్ను, తర్వాత 40, 30, 20, చివరికి 10 శాతం మీద. అంటే కంపెనీలు పాత మెషీన్లు తీసి కొత్తవి పెడుతూ ఉంటేనే కౌంటీకి రాబడి. ఏదో ఒక ఏడాది హెడ్డాఫీసులో ఎవరో ఈ మెషీన్లు ఇంకో రెండేళ్లు నడిపిద్దాం అనుకుంటే ఇక్కడ బడ్జెట్‌లో బొక్క పడుతుంది. ఊహించి చెప్పడం లేదు. 2021 బడ్జెట్ సంవత్సరంలో రాబడి అంచనా తప్పి సుమారు 6 కోట్ల డాలర్ల లోటు వచ్చింది. వెంటనే అందరి కళ్లూ పడింది బడుల మీద. వర్జీనియాలో స్కూల్ బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు. 80 వేల మందికి పైగా చదివే మన బడుల డబ్బులో పెద్ద భాగం సూపర్‌వైజర్ల బోర్డు ఇస్తేనే వస్తుంది. మ్యాథ్ ఎన్‌రిచ్‌మెంట్ గురించి, గిఫ్టెడ్ పరీక్ష గురించి రాత్రి పదకొండింటి దాకా గ్రూపుల్లో వాదించుకునే మనం, ఆ బడి జీతాలు సర్వర్ల డిప్రీసియేషన్ పట్టిక మీద ఆధారపడ్డాయని తెలుసుకోవాలా వద్దా?

భూమి సంగతి చూద్దాం. 2025 మార్చి దాకా కౌంటీలో కొన్ని జోన్లలో డేటా సెంటర్ కట్టడానికి హియరింగే అక్కర్లేదు. స్టాఫ్ రూల్స్ సరిచూసి పర్మిట్ ఇచ్చేవాళ్లు, దాన్ని బై రైట్ అంటారు. పక్కింట్లో ఉన్నవాళ్లకి పునాది తవ్వే రోజు దాకా తెలియకపోవచ్చు. 2025 మార్చి 18న బోర్డు ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు కొత్తగా ఎవరు కట్టాలన్నా స్పెషల్ ఎక్సెప్షన్ అనే ప్రత్యేక అనుమతి అడగాలి, ప్లానింగ్ కమిషన్ ముందు ఒకసారి, బోర్డు ముందు ఒకసారి బహిరంగంగా హియరింగ్ జరగాలి. అప్పటికే దరఖాస్తులు పెట్టుకున్న కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు, ఆ గొడవ వేరు. ఇళ్లకి ఎంత దూరం ఉండాలి, ఎంత శబ్దం చేయొచ్చు, గోడలు ఎలా కనబడాలి అన్న ప్రమాణాలు రెండో దశకి వదిలారు. అంటే తలుపు ఇప్పుడే తెరిచారు. మనం లోపలికి వెళ్లి మాట్లాడకపోతే ఆ హియరింగుల్లో మాట్లాడేది కంపెనీల లాయర్లు, పడమటి లౌడన్ గుర్రాల ఎస్టేట్ల వాళ్లు మాత్రమే. ఇద్దరికీ వాళ్ల వాళ్ల లెక్కలున్నాయి. టౌన్‌హౌస్ కొనుక్కుని, గోడకి ఆవల రాత్రంతా ఒకే శ్రుతిలో మోగే ఫ్యాన్లని భరించే యాష్‌బర్న్ కుటుంబం తరఫున మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ కుటుంబాల్లో మనవే చాలా ఉన్నాయి.

ఇళ్ల ధరకీ దీనికీ సంబంధం ఉంది. డేటా సెంటర్‌కి పనికొచ్చే చోట ఎకరం కొన్ని మిలియన్ డాలర్లు పలికింది. ఆ ధర పెట్టి అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్ ఎవడొస్తాడు? మెట్రో సిల్వర్ లైన్ 2022 నవంబర్‌లో యాష్‌బర్న్ దాకా వచ్చింది. స్టేషన్ పక్కన మనుషులుండే ఇళ్లు రావాలి. అలాంటి చోట్లకి కూడా డేటా సెంటర్లు ఆశపడ్డాయి. మొన్న మాస్టర్స్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన మన పిల్లలు వెస్ట్ వర్జీనియాలో ఇల్లు వెతుక్కుంటున్నారంటే ఊరికే కాదు.

ఇక కరెంటు. డేటా సెంటర్ల దాహానికి లైన్లు చాలడం లేదని, తూర్పు లౌడన్‌లో కొత్త కనెక్షన్లు ఆలస్యం కావచ్చని కరెంటు కంపెనీ డొమినియన్ ఎనర్జీ 2022 జూలైలోనే చెప్పింది. అప్పటి నుంచి టవర్ల పరుగు. ఆస్పెన్ సబ్‌స్టేషన్ నుంచి గోల్డెన్ సబ్‌స్టేషన్ దాకా వేసే 500 కిలోవోల్టుల లైన్‌ని భూమిలోపల వేయమని దాని దారిలో ఉన్న ల్యాన్స్‌డౌన్ కాలనీల వాళ్లు ఎంతో పోరాడారు. రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో కరెంటు కంపెనీలని నియంత్రించే స్టేట్ కార్పొరేషన్ కమిషన్ పైనే వేసుకోమంది. 2024 జూలై 10న జరిగింది మనలో ఎంతమందికి తెలుసు? ఒక 230 కిలోవోల్టుల లైన్‌లో చిన్న పరికరం చెడిపోతే, ఉత్తర వర్జీనియాలో సుమారు 60 డేటా సెంటర్లు ఒక్కసారిగా గ్రిడ్ వదిలి సొంత జనరేటర్లకి మారిపోయాయి. 1,500 మెగావాట్ల లోడ్ ఒక్క క్షణంలో మాయం. కరెంటు ఎక్కువైపోయి గ్రిడ్ పడిపోకుండా అప్పటికప్పుడు ప్లాంట్ల ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. రాష్ట్ర శాసనసభ ఆడిట్ కమిషన్ 2024 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదిక చదివితే నిద్ర పట్టదు: అడ్డు లేకుండా డేటా సెంటర్లు పెరిగితే పదేళ్లలో వర్జీనియా కరెంటు వాడకం రెట్టింపు అవుతుందట. ఇప్పుడున్న డేటా సెంటర్లలో మూడో వంతు ఇళ్ల దగ్గరే ఉన్నాయని కూడా అందులోనే ఉంది.

కొత్త లైన్ల, కొత్త ప్లాంట్ల ఖర్చు ఎవరి బిల్లులో పడాలన్నది రిచ్‌మండ్ తేలుస్తుంది, లీస్‌బర్గ్ కాదు. 25 మెగావాట్లు దాటిన వాడకందార్లని వేరే తరగతిలో పెట్టి, 14 ఏళ్ల కాంట్రాక్టు, కనీస చెల్లింపు షరతులు పెట్టాలని స్టేట్ కార్పొరేషన్ కమిషన్ 2025 నవంబర్‌లో ఆదేశించింది, 2027 జనవరి నుంచి అమలు. మంచిదే. కానీ లైను ఏ వీధి మీదుగా పోవాలో, రేటు ఎంత పెరగాలో కౌంటీ చేతిలో లేదు. అంతేకాదు, వర్జీనియాలో డిల్లన్ రూల్ అని ఒకటుంది: రాష్ట్రం చట్టంలో స్పష్టంగా ఇచ్చిన అధికారాలు తప్ప కౌంటీకి వేరే అధికారం లేదు. కొత్త ఫీజు వేయాలన్నా, ఒక షరతు పెట్టాలన్నా ముందు శాసనసభ ఒప్పుకోవాలి. అదే శాసనసభ డేటా సెంటర్ల పరికరాలకి అమ్మకం పన్ను మాఫీ ఇచ్చింది. ఆడిట్ కమిషన్ లెక్క ప్రకారం 2023 ఆర్థిక సంవత్సరంలో ఆ మాఫీ విలువ 92.8 కోట్ల డాలర్లు. కౌంటీ చేతిలో గట్టిగా మిగిలిన ఆయుధం ఒక్కటే, ఫలానా భూమిలో కట్టొచ్చా వద్దా అన్న నిర్ణయం. అందుకే భూమి వాడకం చూసే కమిటీకి నేనింత విలువ ఇస్తున్నాను.

హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబర్‌లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. మన ప్రాంతం నుంచి సుహాస్ సుబ్రమణ్యం కాంగ్రెస్‌కి వెళ్లారు. కేకులు కోశాం, బాగుంది. మన మూలాలవాళ్లు పైన ఉన్నారు కాబట్టి మన పని అయిపోయినట్టు కాదు కదా. డిల్లన్ రూల్ సడలించాలనో, కౌంటీకి ఫలానా అధికారం ఇవ్వాలనో రిచ్‌మండ్‌లో అడగాలంటే ముందు కౌంటీ తన శాసనసభ కోర్కెల జాబితాలో దాన్ని రాసుకోవాలి. ఆ జాబితా తయారయ్యేదీ లీస్‌బర్గ్‌లోనే.

పక్క కౌంటీలో ఏమైందో చూశాం. ప్రిన్స్ విలియంలో మనాసస్ యుద్ధభూమి పక్కన 2,000 ఎకరాలకి పైగా స్థలంలో డిజిటల్ గేట్‌వే అనే డేటా సెంటర్ల ప్రాజెక్టు. 2023 డిసెంబర్‌లో బోర్డు మీటింగ్ ఏకబిగిన 27 గంటలు నడిచింది. వందల మంది వరసలో నిలబడి మాట్లాడారు, చివరికి 4–3 ఓట్లతో ప్రాజెక్టు గట్టెక్కింది. అంతకు ఆరు నెలల ముందే, డేటా సెంటర్లకి మద్దతిచ్చిన బోర్డు ఛైర్ సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయారు. 2025 ఆగస్టులో జడ్జి ఆ రీజోనింగ్‌ని, అంటే భూమి వాడకం మార్చిన ఆ నిర్ణయాన్ని, కొట్టేశారు. కారణం? హియరింగ్ గురించి పేపర్లో ప్రకటన చట్టం చెప్పినట్టు ఇవ్వలేదని. ఎంత పెద్ద ప్రాజెక్టు, ఎంత చిన్న మెలిక! నోటీసు చదివే మనిషి ఒకడు ఉండడం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తోంది.

కౌంటీ ముందున్న సమస్యలు ఇవే అనుకోకండి. 2025 జూలైలో వాషింగ్టన్ చేసిన పెద్ద బడ్జెట్ చట్టం వల్ల ఆహార సాయం కార్యక్రమం నడిపే ఖర్చులో రాష్ట్రాల వాటా 2026 అక్టోబర్ నుంచి 50 శాతం నుంచి 75కి పెరుగుతుంది. వర్జీనియా లాంటి పది రాష్ట్రాల్లో ఆ పని చేసేది కౌంటీల ఆఫీసులే, కాబట్టి భారం కొంత ఇక్కడికీ దిగుతుంది. 2027 నుంచి పేదలకిచ్చే వైద్య బీమా మెడికెయిడ్‌కి పని నిబంధన తనిఖీలు వస్తున్నాయి. అది ఇంకో కాగితాల కట్ట. ఫెడరల్ ఉద్యోగాలు పోయిన ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. దేశంలో మూడు వేలకి పైగా ఉన్న కౌంటీలన్నీ వాటి జాతీయ సంఘం కమిటీల్లో వీటి మీదే తలలు పట్టుకున్నాయి. వాటి గురించి వివరంగా ఇంకోసారి.

మీ నుంచి రాబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. మనలో సగం మంది జీతాలు ఆ క్లౌడ్ కంపెనీల నుంచో, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల నుంచో వస్తున్నాయి, వాటికి ఎదురు మాట్లాడతామా అని మొదటిది. ఎదురు మాట్లాడమని నేను అనడం లేదు. ఎంత వేగంగా, ఇంటికి ఎంత దూరంలో, కౌంటీ రాబడిలో ఎంత భాగం దాకా అని అడగడం పరిశ్రమకి శత్రుత్వం కాదు. ఒక కంపెనీ ఉద్యోగిగా కాకుండా ఒక ఇంటి యజమానిగా, ఒక తల్లిగా మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంది. సంఘాలకి స్పాన్సర్లు కూడా ఉంటారు, వాళ్లలో రియల్ ఎస్టేట్ వాళ్లూ ఉంటారు, అదీ నాకు తెలుసు. ఆ మొహమాటం మీరు మీటింగులో పైకి అనుకోరు గానీ, ఉంది.

రెండోది, మాకు ఓటు లేదు కదా అన్నది. హెచ్1బి మీద, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లకి ఓటు లేదు, నిజమే. హియరింగ్‌లో రెండు మూడు నిమిషాలు మాట్లాడటానికి, మెయిల్ రాయడానికి ఓటు అక్కర్లేదు. ఇక్కడ ఉండి పన్ను కడితే చాలు. ఈ రోజుల్లో వీసా మీద ఉండి ప్రభుత్వం ముందు మైకు పట్టుకోవాలంటే కొందరికి గుండె దడ, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే సంఘం ఉండాలి. ఒక్కడు మాట్లాడలేని మాట సంఘం లెటర్‌హెడ్ మీద మాట్లాడొచ్చు. అయితే ఇంటి డెక్‌కి ఏ రంగు వేయాలని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) మీటింగులో గంటన్నర పోట్లాడే ఓపిక మనకి ఉందని కూడా గుర్తుంచుకోండి.

ఇంకో మాట. 2025 అక్టోబర్‌లో విశాఖపట్నంలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో ఒక గిగావాట్ డేటా సెంటర్ పెడుతుందని ఒప్పందం కుదిరినప్పుడు మన గ్రూపులన్నీ దీపావళి ముందే చేసుకున్నాయి. సంతోషించాల్సిందే. కానీ వాటి మధ్యలో ఏళ్లుగా ఉంటున్న మనం ఊళ్లో వాళ్లకి చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇక్కడ సర్వర్ల మీద పన్ను నేరుగా కౌంటీ ఖజానాకి పోతుంది, బడికి పోతుంది. అక్కడ డేటా సెంటర్ వచ్చే తర్లువాడ పంచాయతీకీ, విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకీ సర్వర్ల మీద పన్ను వేసే అధికారమే లేదు. ఇక్కడ లౌడన్ వాటర్ సంస్థ శుద్ధి చేసిన మురుగునీటిని వేరే పైపుల్లో డేటా సెంటర్లకి ఇస్తుంది. అక్కడ ఏ నీళ్లు ఇస్తారు, ఎవరిని అడిగి ఇస్తారు? ఈ ప్రశ్నలు అడిగే అర్హత మనకి రావాలంటే ముందు ఇక్కడ అడిగి ఉండాలి.

ఇంతకీ మిమ్మల్ని ఏం కోరుతున్నాను? ప్రతి సంఘంలో కల్చరల్ సెక్రటరీ, స్పోర్ట్స్ సెక్రటరీ, విమెన్స్ ఫోరం ఉన్నాయి. కౌంటీ వ్యవహారాలకి కూడా ఇద్దరిని పెట్టండి. పెద్ద పనేమీ కాదు, బోర్డు, కమిటీల అజెండాలు ముందే వెబ్‌సైట్‌లో పెడతారు. వాటిలో మన ప్రాంతాలకి సంబంధించినవి ఏరి తెలుగులో నాలుగు లైన్లు రాసి గ్రూపులో పెట్టాలి. పార్టీల గొడవ రాకుండా ఒకరిని అటు నుంచి, ఒకరిని ఇటు నుంచి పెట్టండి, ఎటూ కొట్టుకుంటారు కాబట్టి ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటారు. కౌంటీలో పౌరులతో నడిచే సలహా బోర్డులు, కమిషన్లు ఎన్నో ఉన్నాయి. ఖాళీలు వస్తూనే ఉంటాయి, సూపర్‌వైజర్లు పేర్ల కోసం చూస్తూనే ఉంటారు. స్టేజీ మీద శాలువా కప్పేటప్పుడు ఫలానా కమిషన్‌కి మా దగ్గర ఇద్దరు ఇంజినీర్లు, ఒక అకౌంటెంట్ సిద్ధంగా ఉన్నారని చెవిలో వేయండి. పవర్ సిస్టమ్స్ చదివినవాళ్లు, నెట్‌వర్క్ డిజైన్ చేసేవాళ్లు, డేటా సెంటర్ లోపల ఏముంటుందో తెలిసినవాళ్లు మన దగ్గర ఉన్నంతమంది ఇంకే సంఘంలో ఉంటారు? ఫ్యాన్ శబ్దం ఎన్ని డెసిబెల్స్, ఏ ఫ్రీక్వెన్సీలో అని లాయర్‌ని నిలదీసి అడగగలిగేది మనవాళ్లే.

మీరు పిలిచే అతిథులకి మైకు ఇచ్చేముందు పది నిమిషాలు ప్రశ్నలకి ఉంచండి. 2027 నవంబర్‌లో బోర్డు మొత్తానికి ఎన్నికలు. ఆ వేసవిలో మన హాల్లో అభ్యర్థులందరినీ కూర్చోబెట్టి ఒక చర్చ పెట్టండి. సర్వర్ల పన్ను మీద ఆధారపడటం ఎంత దాకా ఉండాలి, మిగులు వచ్చిన ఏడాది రేటు తగ్గించి చప్పట్లు కొట్టించుకుంటారా లేక చెడ్డ ఏడాదికి దాచిపెడతారా, రెండో దశ ప్రమాణాల్లో ఇంటికీ డేటా సెంటర్‌కీ మధ్య దూరం ఎంతంటారు అని అడగండి. మా అత్తగారి దోసెలు మీకు ఇష్టమా అనే ప్రశ్న వద్దు, దయచేసి.

ముందు చేయాల్సింది మాత్రం బడ్జెట్ విషయం. ఏటా ఫిబ్రవరిలో కౌంటీ అడ్మినిస్ట్రేటర్ బడ్జెట్ ప్రతిపాదన పెడతారు. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో హియరింగులు జరుగుతాయి. ఏప్రిల్ మొదటి వారంలో బోర్డు ఓటు వేస్తుంది. కొత్త లెక్కలు జూలై 1 నుంచి అమలు. మీరు ఉగాది రిహార్సల్స్, భోజనాల మెనూ, హాలు బుకింగ్‌లో మునిగి ఉండేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఈసారి ప్రతి సంఘం నుంచి ముగ్గురు చొప్పున హియరింగ్‌కి పంపండి, ఇద్దరు మాట్లాడటానికి, ఒకరు రాసుకోవడానికి. పేర్లు ముందే నమోదు చేసుకుంటే వరసలో ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. హారిసన్ స్ట్రీట్‌లోని గవర్నమెంట్ సెంటర్ దగ్గర పార్కింగ్ గరాజ్ ఉంది. యాష్‌బర్న్ నుంచి వచ్చేవాళ్లకి నా వ్యాన్‌లో ఆరుగురికి చోటుంది, ఎక్కడ ఎక్కించుకోవాలో చెబితే చాలు.

ఇట్లు,
యాష్‌బర్న్‌లో ఉంటున్న మీ సంఘ సభ్యుడొకడు